రవ్వకు రెండో కన్ను

స్వరూప గీసే వైరాజ్ బొమ్మల కోసం ఇన్‌స్టాలో ఇరవై మూడు వేల మంది కాచుకుని ఉంటారు. అదే స్వరూప గీసిన రవ్వకు పదకొండు లైకులు. ఆ పదకొండులో ఒకటి స్నేహితురాలు ప్రీతిది, ఇంకొకటి తన అమ్మ ఫోన్‌లోంచి ప్రీతే కొట్టింది. మిగతా తొమ్మిది మంది ఎవరో, ఏ పరధ్యానంలో వేలు తగిలించారో దేవుడికే తెలియాలి.

వైరాజ్ ఎవరని అడిగేవాళ్ళుంటారు, వాళ్ళ కోసం చెబుతున్నాను. ఫోన్లలో ‘మేఘదుర్గం’ అని బొమ్మల సీరియల్ ఒకటి వస్తుంది. అందులో హీరో వాడు. వెండి జుట్టు, భుజం మీద గద్ద, నేలకు ఆనని నడక. అవన్నీ ఒక ఎత్తు, కళ్ళు ఒక్కటీ ఒక ఎత్తు. కణతల దాకా సాగి, కొసన సర్రున పైకి లేచి, నల్లగుడ్డులో రెండు తెల్లచుక్కలతో మెరుస్తుంటాయి. స్వరూప తొమ్మిదో తరగతిలో వాణ్ణి మొదటిసారి చూసి, ఆ రోజే లెక్కల నోట్సు చివరి పేజీలో గీసింది. ముక్కు ఆలుగడ్డలా వచ్చింది. చేతులు గీయడం రాక రెండూ వీపు వెనక్కి పెట్టింది.

ఇప్పుడామెకు ఇరవై రెండు. ఎనిమిదేళ్ళు గీసింది. చేతులొచ్చాయి, బట్ట ముడతలొచ్చాయి, గాలికి జుట్టు ఎటు లేస్తుందో వచ్చింది. ఒకరు పుట్టించిన పాత్రను ఇష్టం కొద్దీ మనం గీసుకుంటే దాన్ని ఫ్యాన్ ఆర్ట్ అంటారు. ‘ఓస్, చూసి దించడమే కదా’ అని తీసిపారేసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. దించి చూడండి తెలుస్తుంది! ఎనిమిదేళ్ళు ఒకే ముఖం ముందు కూర్చోవడానికి ఎంత ప్రేమ ఉండాలి?

కానీ ప్రేమ ఎంత ఉన్నా వైరాజ్ ఆమె బిడ్డ కాదు. అది స్వరూపకూ తెలుసు. అందుకే మూడేళ్ళుగా సొంత పాత్ర కోసం పాకులాడుతోంది. ఆ లోకంలో సొంత పాత్రను ఓసీ అంటారు. కాలేజీ ఫారంలో కులం దగ్గర రాసే ఓసీ కాదు లెండి. వాళ్ళమ్మ సుందరమ్మ మొదటిసారి ఆ మాట విని, “మనం ఓసీ ఎట్లయితమే?” అని నోరు తెరిచింది.

ఆ సొంత పాత్రే రవ్వ. లాడ్ బజార్ వెనక గల్లీలో, లక్క గాజులు చేసే పొయ్యి దగ్గర కూర్చునే పన్నెండేళ్ళ పిల్ల. ఎడమ పక్క జుట్టు సెగకు కమిలి పొట్టిగా ఉంటుంది. వేళ్ళ కొసల్లో ఎండిన లక్క. దాని దగ్గర ఒక విద్య ఉంది. గాజుల చప్పుడు వింటే చాలు, ఆ గాజులు వేసుకున్న మనిషి మనసులో ఏముందో చెప్పేస్తుంది. కత్తులు లేవు, గద్దలు లేవు, వినడమే దాని బలం. స్వరూప ఇలాంటిది ఎక్కడా చూసి పెట్టుకోలేదు, తన తలలోంచి తనే తీసింది. ఆ పిల్ల పరుగు, కూర్చునే తీరు, లంగా అంచు కాలిన మచ్చ అన్నీ కుదిరాయి.

కళ్ళు కుదరలేదు. ఎన్నిసార్లు గీసినా కొసన సర్రున పైకి లేచేవి.

“పిల్ల మస్తుందే,” అంది ప్రీతి, ట్యాబ్ చేతిలోకి తీసుకుని. ప్రీతి ఉన్నది ఉన్నట్టు అనేసే రకం. “జుట్టు మస్తుంది, నడుస్తుంటె మస్తుంది. గీ కండ్లు వైరాజ్‌యి గదనే?” బొటనవేలు రవ్వ కళ్ళ మీద అడ్డం పెట్టింది. “గిప్పుడు నీది.” వేలు తీసేసింది. “గిప్పుడు వాళ్ళది.”

స్వరూప ఆ రోజే రవ్వ కళ్ళు చెరిపేసింది. అప్పట్నుంచి ఆ పిల్ల ఖాళీ ముఖంతోనే పరుగెడుతోంది.

ఇక్కడొక సంగతి చెప్పకపోతే కథ నడవదు. కళ్ళ కోసం ఇంత కొట్టుకుంటున్న ఈ పిల్ల ఎవరి కూతురనుకున్నారు? ధూల్‌పేట్‌లో కళ్ళ బాబురావు కూతురు!

వినాయకుడి విగ్రహాలు పోతపోసేవాళ్ళు వేరు, రంగులు కొట్టేవాళ్ళు వేరు. బాబురావు ఆ రెండూ చెయ్యడు. ఆయన కళ్ళు మాత్రమే పెడతాడు. చవితికి పది రోజుల ముందు నుంచి ప్రతి షెడ్డు వాళ్ళూ ఆయన్ని పిలుచుకుపోవలసిందే. బల్ల ఎక్కి, భుజం మీది తువ్వాలు సర్దుకుని, కుంచె నల్లరంగులో ముంచి, బొటనవేలి గోటి మీద ఒకసారి తుడిచి, ఊపిరి బిగబట్టి ఒక్క గీత గీస్తాడు. అంతే. పై రెప్ప గీత ఒకటే ఊపు, ముక్కు దగ్గర మొదలైతే కొస దాకా ఆగదు. రెండు కళ్ళూ అయ్యాక ముఖం పక్కకి తిప్పుకుంటాడు. తాను పెట్టిన కళ్ళను తాను చూసుకోడు. “సుందరా, చాయ్ పెట్టు,” అని ఒక కేక వేస్తాడు. ఏ షెడ్డులో ఉన్నా ఇదే కేక, పక్కన సుందరమ్మ లేకపోయినా సరే. ఆ కేక వినపడిందంటే కళ్ళు కుదిరాయని పేటంతా అర్థం. చాయ్ అడక్కుండా దిగిపోయిన సందర్భాలు పెళ్ళయిన ఇన్నేళ్ళలో రెండంటే రెండని సుందరమ్మ చెబుతుంది.

ఆయనకు ఒక పట్టింపు కూడా ఉంది. పేటలో అందరికీ లేదు, ఆయనకు మాత్రం ఉంది. పెట్టిన కంట్లో మళ్ళీ కుంచె పెట్టకూడదు. వంకర పోయినా, చుక్క జారినా అంతే. “తెరిచిన కండ్లల్ల పొడుస్తమా బిడ్డా?” అంటాడు.

ప్రతి ఏడూ చవితి ముందు కూతుర్ని పిలిచేవాడు. “కూసో బిడ్డా, ఒక్కటన్న చూసి పో.” స్వరూప ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, “రెండు నిమిషాలు బాపు,” అనేది. ఆ రెండు నిమిషాలు ఎనిమిదేళ్ళు నడిచాయి. తప్పంతా ఆమెదే అనడానికి నాకు నోరు రావడం లేదు. ఇంట్లో ఉన్నది ఎక్కడికి పోతుందిలే అనుకోని వాళ్ళెవరున్నారు?

ఈ ఏడు ఎండాకాలంలో పోయింది.

మొదట చాయ్ గ్లాసు ఒలికింది. తర్వాత అన్నం ముద్ద నోటి దాకా రాకుండానే రాలింది. కుడిచెయ్యి బాబురావు మాట వినడం మానేసి, ఊరికే కూర్చున్నప్పుడు కూడా వణకడం మొదలుపెట్టింది. సర్కారు దవాఖానాలో డాక్టరు గోలీలు రాసి, కొంచెం తగ్గుతుంది గానీ పూర్తిగా పోదని చెప్పాడు. ఆ రోజు నుంచి బాబురావు కుడిచేతిని తువ్వాలు కింద పెట్టుకుని తిరగసాగాడు. సుందరమ్మ గ్లాసులో సగమే చాయ్ పోయసాగింది. ముగ్గురూ ఆ సగం గ్లాసు గురించి మాట్లాడుకోలేదు.

షెడ్ల వాళ్ళకు ఏదో సాకు చెప్పాడు, భుజం పట్టేసిందన్నాడు. వాళ్ళు వేరే మనుషుల్ని చూసుకున్నారు. కానీ మొఘల్‌పురా బాలనర్సింహకు ఏ సాకు చెప్పాలి? ఆయన అక్కడి గణేశ్ కమిటీ పెద్ద. ముప్పై ఒక్క ఏళ్ళుగా విగ్రహం ఎవరి దగ్గర కొన్నా కళ్ళు మాత్రం బాబురావు చేత పెట్టించుకునే పోతున్నాడు. ఈ ఏడు కూడా విగ్రహాన్ని తెచ్చి బాబురావు ఇంటి ముందు రేకుల షెడ్డులో దింపించాడు. తొమ్మిది అడుగుల మట్టి గణపతి. రంగులన్నీ అయ్యాయి, కళ్ళ చోట తెలుపు.

“చవితి ముందట్రోజు వస్త బాబురావన్నా. తయారుంచు.”

“ఫికర్ జెయ్యకు భాయ్. ఉంచుత,” అన్నాడు బాబురావు, చెయ్యి తువ్వాలు కింద ఉంచుకునే.

బాలనర్సింహ ఆటో మలుపు తిరిగాక కూతురి వైపు తిరిగాడు. “నువ్వు పెట్టాలె బిడ్డా.”

“నేనా? బాపు, నాకు రాదు!”

“ఎందుకు రాదు? దినమంత గీస్తనే ఉంటవ్ గదా. నీ చెయ్యి నా చెయ్యే.”

తన చెయ్యి ఎవరిదో స్వరూపకు బాగా తెలుసు.

చవితికి మూడు వారాలుంది. సరే, నేర్చుకుందామనుకుంది. దేన్ని చూసి నేర్చుకుంటుంది? ఆయన జీవితంలో పెట్టిన కళ్ళన్నీ నీళ్ళలో కలిసిపోయాయి. ఏటా పెట్టడం, ఏటా నిమజ్జనం. ఒక్క జత కూడా ఇంట్లో లేదు. పాత ఫొటోలు వెతికింది. ఒక దాంట్లో పూలదండ అడ్డం, ఇంకొక దాంట్లో హారతి మెరుపు. వేళ్ళతో పెద్దవి చేస్తే కళ్ళు పోయి చుక్కలు మిగిలాయి.

అప్పుడు గుర్తొచ్చింది, పోయినేడు తనే ఒక రీల్ చేసింది! ‘మా బాపు’ అని పెట్టింది, నలభై వేల మంది చూశారు కూడా. పరుగున తీసి చూసింది. పన్నెండు సెకన్లు. పాట జోడించి, ఎనిమిదింతలు వేగం పెంచి చేసింది. ముందు స్వరూప, మెడ వంచి నవ్వుతూ, రెండు వేళ్ళు చూపిస్తూ. వెనక బల్ల మీద బాబురావు మోచెయ్యి కదులుతోంది. కుంచె పట్టిన చేతికీ ఫోనుకూ మధ్య స్వరూప ముఖమే అడ్డం. వేగం పెంచని అసలు వీడియో ఎప్పుడో చెరిపేసింది. ఆ పన్నెండు సెకన్లనే ముప్పై నలభై సార్లు చూసి, తన నవ్వు మీద తనకే అసహ్యం వేసి ఫోన్ బోర్లా పెట్టేసింది.

“చెప్పు బాపు, ఎట్ల పెట్టాలె?” అని ఆయన ముందే కూర్చుంది.

బాబురావు మాటల కోసం తడుముకున్నాడు. పాపం, నలభై ఏళ్ళు చేతితో చేసినదాన్ని ఏనాడైనా నోటితో చెప్పి ఉంటే కదా! “ఎట్ల అంటె… గట్లనే. ఇక్కడికెల్లి పట్టుకోని… అట్ల తీస్కపోవాలె.” చూపిద్దామని చెయ్యి లేపాడు. చెయ్యి గాల్లో తన వణుకు తను వణికింది. దించేసుకున్నాడు. “ఒక్కటి చెప్త ఇను. కండ్లు చూడొద్దు బిడ్డా, ఇనాలె. ముంగట నిలవడ్డోడు కష్టం చెప్పుకుంటుంటె ఇంటున్నట్టుండాలె. చూసే కండ్లు ఎవడన్న పెడ్తడు.”

స్వరూప చెవులు రిక్కించింది. వినే కళ్ళు! రవ్వకు కావలసినవి అవే కదా. మూడేళ్ళుగా ఫోన్‌లో లోకమంతా వెతుకుతున్నది తమ రేకుల షెడ్డులోనే, ఈయన మోచేతి కింద ఉందన్నమాట. ఆ క్షణంలో ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయామెకు. విగ్రహానికీ రవ్వకూ కావలసింది ఒకటే, అది ఉన్న చెయ్యి ఒకటే, ఆ చెయ్యి పోతోంది.

విరిగిన పోత ముక్కలు తెచ్చి వాటి మీద గీయడం మొదలుపెట్టింది. మెల్లగా, చిన్న చిన్న గీతలు అతుకుతూ గీస్తే కొస లేవని కన్ను వచ్చేది. కానీ అందులో ప్రాణం ఉండేది కాదు. అదే ఒక్క ఊపున లాగిందా, కొసన మణికట్టు దానంతటదే తిరిగి వైరాజ్ పలికేవాడు. ఎనిమిదేళ్ళ అలవాటు! వద్దురా అన్నకొద్దీ వచ్చి కూర్చునేవాడు. ముక్క తర్వాత ముక్క, షెడ్డు మూలంతా వైరాజ్ కళ్ళ కుప్ప అయింది. బాబురావు ఒక్కొక్కటీ ఎత్తి చూసి కింద పెట్టేవాడు. తిట్టినా బాగుండేదనిపించేది ఆమెకు.

అప్పుడొక ఆలోచన వచ్చింది. ట్యాబ్‌లో గీతలు సాపు చేసే సదుపాయం ఒకటుంటుంది. చెయ్యి ఎంత వణికినా వణుకు తీసేసి నున్నటి గీత చూపిస్తుంది. దాన్ని పూర్తిగా పెంచి పెన్ను తండ్రి చేతికిచ్చింది. “గియ్యి బాపు. వణికితె వణకనియ్.”

బాబురావు నమ్మలేనట్టు చూసి పెన్ను పెట్టాడు. చెయ్యి గడగడలాడుతూ స్క్రీన్ మీద పాకింది. వెనకాలే గీత నున్నగా, తడబాటు లేకుండా సాగి కన్నయింది. “అమ్మా! చూడే!” అని అరిచింది స్వరూప. సుందరమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “అయ్యో, వచ్చింది, మంచిగొచ్చింది,” అని కళ్ళు తుడుచుకుంది.

బాబురావు చాయ్ అడగలేదు. స్క్రీన్‌ను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. “ఇది నాది గాదు బిడ్డా,” అన్నాడు నిదానంగా. “ఈ డబ్బది. నేనొకటి గీస్తె ఇదొకటి చూపెడ్తుంది.” పెన్ను ఆమె ఒళ్ళో పెట్టి లేచిపోయాడు.

నిజమే. ఆ కన్ను ఎవరిదీ కాదు, దేన్నీ వినడం లేదు. స్వరూప దాన్ని చెరిపేసింది. ఆ సాపు చేసేదాన్ని ఆపేసి ఇంకోసారి ఇద్దామని ఆమెకు తట్టలేదు. వణికిన గీతంటే చెడిపోయిన గీతేనని ఆమె లెక్క.

చవితి ముందు రోజు వచ్చింది. పొద్దున్నే స్నానం చేసి బల్ల ఎక్కింది. రేకుల సందులోంచి ఎండ గణపతి నుదుటి మీద పడుతోంది. కింద బాబురావు, ఒక చేతిని ఇంకో చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అతికి అతికి గీయడానికి ఇక్కడ కుదరదు. ఇంత పెద్ద ముఖం మీద అతుకులు దూరం నుంచే కనిపిస్తాయి. ఒక్క ఊపునే లాగాలి.

“గోటికి తుడువు. ఊపిరి పట్టు. ఇంటున్నడనుకో,” అన్నాడు బాబురావు.

స్వరూప ఊపిరి బిగబట్టింది. వింటున్నాడు, వింటున్నాడు అనుకుంటూనే ముక్కు దగ్గర కుంచె ఆనించి లాగింది. సగం దాకా బాపు గీతే! ఆమెకు తెలిసిపోయింది, ఒళ్ళు ఝల్లుమంది. ఆ సంతోషమే కొంప ముంచింది. చెయ్యి హుషారెక్కి కొసన సర్రున పైకి లేచింది.

లేచిపోయింది, ఏం చేస్తుంది? మళ్ళీ కుంచె పెట్టకూడదు. ఒక కన్ను అలా లేచాక రెండోది లేపకపోతే దేవుడికి మెల్లకన్నవుతుంది. తెలిసి తెలిసి, పళ్ళు బిగించి రెండోదీ అలాగే లేపింది. తెల్లచుక్కలు మాత్రం పెట్టకూడదనుకుంది. కానీ చుక్కలు లేకపోతే ఆ లేచిన కళ్ళు గుడ్డివాడి కళ్ళలా ఉన్నాయి. ఒకటి పెట్టింది, చాలలేదు. రెండోది పెట్టింది. బల్ల మీద నిలబడి చూస్తే ఎదురుగా ఏనుగు ముఖంలో వైరాజ్ మెరుస్తున్నాడు.

“బాపు…” అంది.

బాబురావు చాలాసేపు చూశాడు. పెట్టిన కళ్ళను చూడని మనిషి, చూస్తూ నిలబడ్డాడు. తర్వాత, “దిగు బిడ్డా, బల్ల కదుల్తుంది,” అన్నాడు. కుంచె ఆమె చేతిలోంచి తీసుకుని కడగడానికి వెళ్ళాడు. స్వరూప చెవులన్నీ అటే పెట్టింది. నల్లా చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. చాయ్ అడగలేదు.

మధ్యాహ్నానికి బాలనర్సింహ వచ్చాడు, వెనక ట్రాలీ ఆటో, డప్పులు, బస్తీ పిల్లలు. ముసుగు గుడ్డ తీశారో లేదో పిల్లలు ఎగిరి గంతేశారు. “అరే, వైరాజ్ భాయ్! వైరాజ్ గణపతి!” ఫోన్లు లేచాయి. ఒకడు గద్దలా చేతులు చాపి విగ్రహం ముందు నిలబడి ఫొటో దిగాడు. డప్పుల వాళ్ళు కూడా నవ్వుతున్నారు. ఇంతమందికి ఇంత నచ్చిన బొమ్మ స్వరూప జన్మలో గీయలేదు. ఆమెకు నేల చీలితే బాగుండుననిపించింది.

బాలనర్సింహ నవ్వలేదు. చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుని, తలెత్తి కళ్ళ వైపు చూశాడు. అటు జరిగి చూశాడు, ఇటు జరిగి చూశాడు. దేన్నో వెతుకుతున్నట్టుంది వాలకం. “బాబురావన్నా,” అన్నాడు. “కండ్లు నువ్వే పెట్టినవా?”

స్వరూప నోరు తెరిచింది. నేను పెట్టానని చెప్పేద్దామనుకుంది. చెబితే, మరి ఆయనెందుకు పెట్టలేదని అడుగుతాడు. అప్పుడు తువ్వాలు తియ్యాలి. చెప్పకపోతే ఈ కళ్ళు ఆయన పేరు మీద ఊరేగుతాయి. ఎటు చూసినా దారి లేదు.

“నేనే పెట్టిన,” అన్నాడు బాబురావు.

“ఏం లేదన్నా…” బాలనర్సింహ నసిగాడు. “మా అమ్మ ఉండె గదా, తొమ్మిది దినాలు పొద్దుగాల్నే వచ్చి నువ్వు పెట్టిన కండ్ల ముంగటనే కూసునేది. దేవుడు నా మాట ఇంటుండురా అనేది. పోయేదాక గదే మాట.” మళ్ళీ ఒకసారి పైకి చూశాడు. “సరే తీ. పోరగాళ్ళకు మస్తు నచ్చినయ్.”

“జమానా మారింది గద భాయ్,” అన్నాడు బాబురావు, నవ్వు తెచ్చిపెట్టుకుని. తువ్వాలు కింద చెయ్యి కొట్టుకుంటూనే ఉంది. “నేను గూడ మార్చిన.”

ట్రాలీ కదిలింది. డప్పులు గల్లీ మలుపు తిరిగేదాకా ఆయన ఆ నవ్వు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నలభై ఏళ్ళ పేరు, కూతురి చెయ్యి దాచడానికి ఒక్క మాటలో ఇచ్చేశాడు. “బాపు, నేను చెప్తుంటి గదా,” అని స్వరూప ఏడ్చేసింది. “చెప్తె ఏమొస్తది?” అన్నాడాయన. “నడువు, అన్నం తిందువు.”

మూడో రోజు ఆమె ఇన్‌స్టాకు ఒక అభిమాని సందేశం వచ్చింది. ఎప్పుడూ గుండె బొమ్మలు పెట్టే పిల్లే. కింద మొఘల్‌పురా గణపతి ఫొటో. “అక్కా, గిది చూసినవా? ఎవడో నీ వైరాజ్ కండ్లు మొత్తం కాపీ కొట్టిండు. పేరు బాబురావట, ధూల్‌పేట్. సిగ్గు లేదు. అందరం కలిసి కామెంట్లల్ల ఏసుకుందమా?”

స్వరూప ఆ మాటలను చూస్తూ కూర్చుంది. ఆయన మా బాపు అని రాసింది, చెరిపింది. ఆ కళ్ళు నేనే పెట్టాను అని రాసింది, చెరిపింది. అవి నావి కూడా కాదు అని రాసింది. అదీ చెరిపేసి, వద్దు, ఎవరినీ ఏమీ అనకు అని ఒక్క ముక్క పంపింది. అప్పటికే ఎవరో ఫొటో కింద ‘దొంగ’ అని రాశారు, దానికి నాలుగు వందల లైకులు.

ఆ మధ్యాహ్నం బాబురావు వచ్చి ఆమె పక్కన చాప మీద కూర్చున్నాడు. ఆ కామెంటు సంగతి ఆయనకు తెలుసో లేదో, అడిగే ధైర్యం ఆమెకు లేదు. “ఆ పిల్లేది బిడ్డా? కండ్లు లేని పిల్ల,” అన్నాడు.

స్వరూప రవ్వను తీసింది. ఖాళీ ముఖం. ఆయన జుట్టు చూశాడు, లక్క అంటిన వేళ్ళు చూశాడు. “ఇదేం జేస్తది?”

“ఇంటది బాపు. గాజుల చప్పుడు ఇని మనసుల ఏమున్నదో చెప్తది.”

బాబురావు తల ఊపాడు. “ఆ సాపు చేసేది బంద్ జెయ్యి,” అని పెన్ను తీసుకున్నాడు.

ఎడమచేత్తో కుడి మణికట్టును గట్టిగా పట్టుకున్నాడు. అలవాటు కొద్దీ పెన్ను మొన గోటి మీద తుడిచాడు. గీత మొదలైంది. చీమ నడకలా వంకర టింకరగా, ఆగుతూ, అదురుతూ పోయింది. ఒక్క ఊపులో అయ్యే గీతకు ఎంతసేపు పట్టిందో! స్వరూప ఫోన్ ఎటు పోయిందో ఆమెకు తెలియదు. ఈసారి ఆ చేతికీ ఆమెకూ మధ్య ఏమీ లేదు. కొస దాకా వచ్చాక గీత పైకి లేవలేదు, కిందికి వాలలేదు, మెల్లగా ఆగింది. నల్లగుడ్డు పెట్టాడు. చుక్క పెట్టలేదు.

గీతంతా వణుకే. అయినా రవ్వ ఎక్కడో గాజు చప్పుడు విని ఆగినట్టుంది. అంతవరకూ అది ఒక బొమ్మ, ఇప్పుడు ఎదురుగా ఒక పిల్ల కూర్చుంది.

రెండో కంటి కోసం చెయ్యి జరిపాడు. ఇక రాలేదు. మణికట్టు పట్టు జారి పెన్ను చాప మీద పడింది. ఇంకోసారి ఎత్తాడు, మళ్ళీ పడింది. “గా ఒక్కటి నువ్వు పెట్టు,” అన్నాడు. ముఖం పక్కకి తిప్పుకున్నాడు. తర్వాత వంటింటి వైపు ఒక కేక వేశాడు. “సుందరా, చాయ్ పెట్టు!”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఒక్కసారిగా ఆగింది. కాసేపటికి సుందరమ్మ సగం గ్లాసు పట్టుకుని వచ్చింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బాబురావు రెండు చేతులతో గ్లాసు పట్టుకుని గడప మీదికి వెళ్ళి కూర్చున్నాడు.

స్వరూప రెండో కన్ను గీసింది. కొసన పైకి లేచింది. చెరిపింది. కావాలని చెయ్యి వణికించి గీసింది, వెక్కిరించినట్టుంది. చెరిపింది. తండ్రి గీసిన కన్నునే తీసి, తిరగేసి రెండో పక్క అతికించింది. రెండు కళ్ళూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి గానీ ఎవరినీ వినడం లేదు. అదీ చెరిపింది. గణపతికి చెరిపే వీల్లేక పోయింది, ఇక్కడ ఎన్నిసార్లయినా చెరుపుకోవచ్చు. ఎంత చెరిపినా కింద నుంచి వైరాజే వస్తున్నాడు. ఒంటి కన్నుతో రవ్వ వింటూనే ఉంది.

గడప దగ్గర గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. “అయ్యిందా బిడ్డా?” అని అడిగాడు బాబురావు, ఇటు తిరక్కుండానే.

“రెండు నిమిషాలు బాపు,” అంది స్వరూప.